తీసివేత సరే, దేనిలోంచి?

2023 డిసెంబరు 3 సాయంత్రానికి ఛత్తీస్‌గఢ్ ఫలితం తేలిపోయింది. మొత్తం 90 స్థానాల్లో బీజేపీకి 54, కాంగ్రెస్‌కు 35, గోండ్వానా గణతంత్ర పార్టీకి 1. ఈ అంకెల మీద ఎవరికీ పేచీ లేదు. చిక్కంతా వాటి పక్క గడిలో ఉంది. కాంగ్రెస్ ఎన్ని సీట్లు పోగొట్టుకుంది? ఒక లెక్కన 33, ఇంకో లెక్కన 36. బీజేపీకి కొత్తగా ఎన్ని కలిసొచ్చాయి? ఒక లెక్కన 39, ఇంకో లెక్కన 41. తీసివేతల్లో ఎక్కడా పొరపాటు లేదు. ఏ సంఖ్యలోంచి తీసేశారన్న దగ్గరే తేడా వచ్చింది.

ఎన్నికల సంఘం ఈ గడి జోలికి పోదు. ఫలితాల రోజు దాని వెబ్‌సైట్‌లో పార్టీల వారీగా గెలిచినవి, ఆధిక్యంలో ఉన్నవి, మొత్తం అని మాత్రమే కనిపిస్తాయి. లాభనష్టాల గడి పత్రికలు, టీవీ చానళ్ళు సొంతంగా గీసుకునేది. గీసుకోవడం తప్పు కాదు. పోయినసారి కన్నా పెరిగాయా తగ్గాయా అన్నదే పాఠకుడు మొట్టమొదట అడిగే మాట. ఆ ‘పోయినసారి’ ఎప్పటిదో చెప్పకుండా అంకె మాత్రం అచ్చేయడం మీదే నా అభ్యంతరం. ఏడాది మొదట్లో సరుకు ఎంత ఉందో రాయకుండా లాభం చూపిస్తే ఏ ఆడిటరూ ఆ దుకాణం లెక్కల మీద సంతకం పెట్టడు. అయిదేళ్ళకోసారి కోట్ల మంది వేసే ఓట్ల లెక్కకు ఆ పాటి పట్టింపు ఉండాలి.

ఛత్తీస్‌గఢ్‌లో రెండు అంకెలు ఎలా పుట్టాయో చూద్దాం. 2018లో కాంగ్రెస్ 68, బీజేపీ 15, అజిత్ జోగి స్థాపించిన జనతా కాంగ్రెస్ 5, బీఎస్పీ 2 గెలిచాయి. తర్వాత అయిదేళ్ళలో సభ రూపం మారింది. 2019 ఏప్రిల్‌లో దంతెవాడ బీజేపీ ఎమ్మెల్యే భీమా మండావి మావోయిస్టుల దాడిలో చనిపోయారు. ఉప ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి దేవతీ కర్మ గెలిచారు. 2020లో అజిత్ జోగి కన్నుమూస్తే ఆయన సీటు మర్వాహీ ఉప ఎన్నికలో కాంగ్రెస్ పాలైంది. 2022లో ఖైరాగఢ్ కూడా జోగి పార్టీ నుంచి కాంగ్రెస్‌కే వచ్చింది. చిత్రకోట్, భానుప్రతాప్‌పూర్ ఉప ఎన్నికల్లో కాంగ్రెస్ తన సీట్లు తాను నిలబెట్టుకుంది. అలా 68 కాస్తా 71 అయ్యాయి. 2023లో వచ్చిన 35ను 68లోంచి తీసేస్తే 33, 71లోంచి తీసేస్తే 36. బీజేపీ విషయంలో ఆ తేడా రెండు సీట్లది. వాటిలో ఒకటి దంతెవాడ. రెండోది భిలాయ్‌లో ఉంది.

ఈ చిక్కు లోతు తెలియాలంటే భిలాయ్ చాలు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్. ఆ ఉక్కు కర్మాగారం పని కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు సెక్టార్లలో, ఖుర్సీపార్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. నగరం ఇప్పుడు ముఖ్యంగా రెండు అసెంబ్లీ నియోజకవర్గాల్లో ఉంది. ఉక్కు టౌన్‌షిప్ ఉన్నది భిలాయ్ నగర్, దాన్ని ఆనుకుని ఉన్నది వైశాలీ నగర్.

వైశాలీ నగర్ 2008 పునర్విభజనతో పుట్టిన సీటు. ఆ ఏడాది ఎన్నికల్లో బీజేపీ నుంచి సరోజ్ పాండే గెలిచారు. అప్పటికి ఆమె దుర్గ్ మేయరు కూడా. ఆర్నెల్లు తిరక్కముందే 2009 లోక్‌సభ ఎన్నికల్లో దుర్గ్ ఎంపీ అయ్యారు. ఖాళీ పడిన వైశాలీ నగర్‌కు అదే ఏడాది ఉప ఎన్నిక పెడితే కాంగ్రెస్ అభ్యర్థి భజన్ సింగ్ నిరంకారీ గెలిచారు. 2013లో బీజేపీ అభ్యర్థి విద్యారతన్ భసీన్ గెలిచారు. ఇప్పుడు చెప్పండి, 2013 ఫలితాన్ని ఏమని రాయాలి? 2008తో పోలిస్తే బీజేపీ తన సీటు నిలబెట్టుకుంది. 2009తో పోలిస్తే కాంగ్రెస్ చేతిలోంచి లాక్కుంది. అదే గెలుపు, అవే ఓట్లు, పట్టికలో మాత్రం రెండు వేర్వేరు గడులు. ఇదేదో చిల్లర తేడా అనుకోవద్దు. రాష్ట్రం మొత్తం మీద బీజేపీ 2008లో 50, 2013లో 49 గెలిచింది. అంటే నష్టం ఒకటి. వైశాలీ నగర్ ఒక్కదాన్ని ఉప ఎన్నిక లెక్కలోకి మార్చితే ఆ ఒకటీ సున్నా అయిపోతుంది. ఒక సీటు పోగొట్టుకుని మూడోసారి అధికారంలోకి వచ్చిన ముఖ్యమంత్రి రమణ్ సింగ్, ఏమీ పోగొట్టుకోకుండా వచ్చిన రమణ్ సింగ్ అయిపోతారు.

భసీన్ 2018లోనూ గెలిచారు. 2023 జూన్‌లో ఆయన చనిపోయారు. ఖాళీ అయిన సీటుకు ఆరు నెలల్లోపు ఉప ఎన్నిక పెట్టాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఎ సెక్షన్ చెబుతుంది. సభ్యుడికి మిగిలిన గడువు ఏడాది కన్నా తక్కువైతే ఆ నియమం వర్తించదు. అందుకని సీటు ఖాళీగానే ఉండిపోయింది. డిసెంబరులో బీజేపీ నుంచి రికేశ్ సేన్ గెలిచారు. సభ రద్దయ్యే నాటి బలంతో పోల్చే పట్టికలో వైశాలీ నగర్ బీజేపీకి కొత్తగా దక్కిన సీటు. అక్కడి ఓటరు మాత్రం వరుసగా నాలుగు సాధారణ ఎన్నికల్లో అదే పార్టీకి ఓటేశాడు. ఒక మనిషి చనిపోవడం వల్ల ఖాళీ అయిన కుర్చీని తిరిగి నింపడం పార్టీకి ‘లాభం’ ఎలా అవుతుంది? 41 అనే అంకెలో ఈ సీటు కూడా ఉంది. 39లో లేదు.

ఆధారం ఏదో చెప్పేసినంత మాత్రాన పని అయిపోదు. నికర సంఖ్య దానంతట అది ఇంకో విషయాన్ని దాచేస్తుంది. 2018, 2023 ఫలితాలను ఒక్కో సీటూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బయటపడుతుంది. బీజేపీ 39 సీట్లు పెంచుకుంది అంటే పాత 15 అలాగే ఉండి వాటి మీద 39 వచ్చి చేరాయని అనిపిస్తుంది. జరిగింది అది కాదు. పాత 15లో ఏడింటిని కాంగ్రెస్ లాక్కుంది. రామ్‌పూర్, మస్తూరీ, అకల్తరా, జాంజ్‌గీర్-చాంపా, భాటాపారా, బింద్రానవాగఢ్, ధమ్‌తరీ. బీజేపీ నిలబెట్టుకున్నవి ఎనిమిదే. కొత్తగా గెలిచినవి 46. వాటిలో 43 కాంగ్రెస్ నుంచి, 3 జోగి పార్టీ నుంచి వచ్చాయి. కాంగ్రెస్ వైపు చూస్తే 68లో 44 పోయాయి, 43 బీజేపీకి, పాలీ-తానాఖార్ గోండ్వానా పార్టీకి. కొత్తగా వచ్చినవి 11. బీజేపీ నుంచి ఏడు, బీఎస్పీ నుంచి పామ్‌గఢ్, జైజైపూర్, జోగి పార్టీ నుంచి కోటా, ఖైరాగఢ్. మొత్తం మీద 90లో 58 సీట్లు చేతులు మారాయి. మూడింట రెండు వంతులకు దగ్గర. ‘39 లాభం, 33 నష్టం’ అనే వాక్యంలో ఆ కుదుపు కనిపించదు. సర్‌గుజా ప్రాంతంలో 2018లో 14కు 14 కాంగ్రెస్ గెలిస్తే 2023లో 14కు 14 బీజేపీ గెలిచింది. అదే గాలిలో జాంజ్‌గీర్ వైపు బీజేపీ తన సీట్లు కూడా కాపాడుకోలేకపోయింది. ఒకే రాష్ట్రంలో గాలి రెండు వైపులా వీచింది. నికర సంఖ్యలో ఒక దిక్కే మిగిలింది.

నికరం సున్నా అయినప్పుడు దాపరికం ఇంకా ఎక్కువ. దుర్గ్ లోక్‌సభ స్థానాన్నే తీసుకోండి. ఛత్తీస్‌గఢ్‌లో 11 లోక్‌సభ సీట్లు. 2004లో బీజేపీ 10, కాంగ్రెస్ 1. 2009లో 10, 1. 2014లోనూ 10, 1. లాభనష్టాల గడిలో వరుసగా సున్నా, సున్నా. రాష్ట్రంలో ఏమీ కదల్లేదనే అనుకుంటాం. కానీ కాంగ్రెస్‌కు దక్కిన ఆ ఒక్క సీటు ప్రతిసారీ వేరే. 2004లో మహాసముంద్ నుంచి అజిత్ జోగి, 2009లో కోర్బా నుంచి చరణ్‌దాస్ మహంత్, 2014లో దుర్గ్ నుంచి తామ్రధ్వజ్ సాహు. దేశమంతా మోదీ గాలి వీచిన ఏడాది, అయిదేళ్ళ కిందట బీజేపీ గెలిచిన దుర్గ్‌లో సరోజ్ పాండే ఓడిపోయారు. ఆ ఏడాది ఇక్కడి రాజకీయాల్లో అంతకు మించిన వార్త లేదు. సున్నా అని రాసిన పట్టికలో ఆ వార్తకు చోటే లేదు. 2008, 2013 అసెంబ్లీ లెక్కా ఇలాంటిదే. బీజేపీకి పోయింది నికరంగా ఒకటి. బస్తర్‌లోని 12 సీట్లలో ఆ పార్టీ 11 నుంచి 4కు పడిపోయింది. అక్కడ పోయిన ఏడులో ఆరు మిగతా రాష్ట్రంలో పూడాయి. బస్తర్ ప్రజలు చెప్పినదంతా ఆ ‘ఒకటి’ కింద కప్పబడిపోయింది.

దుర్గ్ జిల్లాలో ఆరు అసెంబ్లీ సీట్లు. 2018లో కాంగ్రెస్ 5, బీజేపీ 1. 2023లో బీజేపీ 4, కాంగ్రెస్ 2. దుర్గ్ నగరం, దుర్గ్ గ్రామీణం, అహివారా చేతులు మారాయి. పాటన్‌లో అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ నెగ్గారు. భిలాయ్ నగర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి దేవేంద్ర యాదవ్, అసెంబ్లీ మాజీ స్పీకరు ప్రేమ్‌ప్రకాశ్ పాండేపై 1,264 ఓట్లతో గట్టెక్కారు. 633 మంది మనసు మార్చుకుని ఉంటే ఆ సీటు అటు పోయేది. రాష్ట్ర పట్టికలో కాంగ్రెస్ నష్టం 34, బీజేపీ లాభం 40 అయ్యేవి. కాంకేర్‌లో బీజేపీ గెలిచింది 16 ఓట్లతో. అంబికాపూర్‌లో ఉప ముఖ్యమంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్ ఓడిపోయింది 94 ఓట్లతో. ఆ 16 ఓట్లకూ, వేల ఓట్ల మెజారిటీకీ లాభనష్టాల గడిలో విలువ ఒకటే.

ఓట్ల శాతం సంగతి ఇంకా తీవ్రం. కాంగ్రెస్‌కు 2018లో సుమారు 43 శాతం, 2023లో 42.2 శాతం. ఒక శాతం కూడా తగ్గలేదు, 33 సీట్లు తగ్గాయి. బీజేపీ మాత్రం 33 నుంచి 46.3 శాతానికి పెరిగింది. ఆ పెరుగుదల కాంగ్రెస్ ఓటు కరిగితే వచ్చింది కాదు. 2018లో కలిసి పోటీ చేసిన జోగి పార్టీ, బీఎస్పీ తెచ్చుకున్న 11 శాతానికి పైగా ఓటు 2023 నాటికి మూడు శాతం చిల్లరకు పడిపోయింది. స్వతంత్రులు, చిన్నపార్టీల ఓటూ అలాగే చిక్కిపోయింది. వ్యతిరేక ఓటు చీలికలు పోయి ఒక చోట పోగైంది. ‘33 సీట్ల పతనం’ అన్న శీర్షిక చదివి కాంగ్రెస్‌ను దాని ఓటర్లు వదిలేశారని ఎవరైనా అనుకుంటే, ఆ పార్టీ తప్పు రోగానికి మందు వేసుకుంటుంది. సీట్ల మార్పు పక్కనే ఓట్ల శాతం మార్పు లేకుండా అచ్చవుతున్న పట్టికలు పార్టీలనూ పాఠకులనూ కూడా పక్కదారి పట్టిస్తున్నాయి.

మరి ఏ ఆధారం సరైనది? నా మట్టుకు, రాష్ట్రం మొత్తం మీద లెక్క చెప్పేటప్పుడు గత సాధారణ ఎన్నికతోనే పోల్చాలి. రాష్ట్రమంతా ఒకే కాలంలో ఇచ్చిన తీర్పును, రాష్ట్రమంతా మళ్ళీ ఒకే కాలంలో ఇచ్చిన తీర్పుతోనే పోల్చగలం. ఉప ఎన్నిక ఒక్క నియోజకవర్గంలో, తరచుగా సానుభూతి మధ్యనో, ప్రభుత్వ యంత్రాంగమంతా అక్కడే మోహరించిన వేళలోనో జరుగుతుంది. అలాగని దాన్ని చెరిపేయకూడదు. అదీ ప్రజలు వేసిన ఓటే. దంతెవాడ ఓటరుకు 2019 నుంచి 2023 దాకా ఎమ్మెల్యే దేవతీ కర్మే. ఆ ఊళ్ళో నిలబడి బీజేపీ తన సీటు నిలబెట్టుకుంది అంటే అక్కడివాళ్ళు నవ్వుతారు. కాబట్టి ఒక్క నియోజకవర్గం కథ రాసేటప్పుడు అక్కడ చివరిసారి పడిన ఓటు, రాష్ట్ర పట్టికలో గత సాధారణ ఎన్నిక. ఉప ఎన్నికల్లో చేతులు మారిన సీట్లకు పట్టిక కింద ఒక వరుస. పత్రికకు ఖర్చయ్యేది రెండు అంగుళాల జాగా.

ఫిరాయింపులను మాత్రం ఏ ఆధారంలోనూ కలపకూడదు. ఈ విషయంలో తెలుగు రాష్ట్రాల అనుభవం ఛత్తీస్‌గఢ్ కన్నా చేదు. తెలంగాణలో 2018లో కాంగ్రెస్ 19 గెలిచింది. 2019 జూన్‌లో 12 మంది ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. హుజూర్‌నగర్, మునుగోడు ఉప ఎన్నికల్లో పోయాయి. సభలో మిగిలింది అయిదుగురు. 2023లో కాంగ్రెస్‌కు 64 వచ్చాయి. 19లోంచి లెక్కిస్తే 45 పెరిగాయి, 5లోంచి లెక్కిస్తే 59. బీఆర్‌ఎస్ (పాత టీఆర్‌ఎస్) వైపు 88 నుంచి 39కి వస్తే నష్టం 49. చేర్చుకున్నవాళ్ళతో వంద దాటిన సభా బలంలోంచి లెక్కిస్తే అరవై దాటుతుంది. ఆ అదనపు నష్టం ఓటరు కలిగించింది కాదు. ఓటరు ఎన్నడూ ఇవ్వని సీట్లను ఓటరు లాక్కున్నాడని రాయడం ఎలా కుదురుతుంది? దుబ్బాక, హుజూరాబాద్ చూడండి. 2018లో టీఆర్‌ఎస్, ఉప ఎన్నికల్లో బీజేపీ, 2023లో మళ్ళీ బీఆర్‌ఎస్. బీజేపీ 8 గెలిచిన ఆ ఎన్నికలో దాని పెరుగుదల 7 అనాలా, 5 అనాలా అన్నది ఈ రెండు సీట్ల మీదే ఆధారపడింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వైఎస్సార్‌సీపీ 67 గెలిచింది. వారిలో 23 మంది తెలుగుదేశం వైపు వెళ్ళారు. 2019లో ఆ పార్టీకి వచ్చిన 151ని 67తో పోలిస్తే 84 పెరిగాయి, సభలో మిగిలినవాళ్ళతో పోలిస్తే వంద దాటుతాయి. మొదటి అంకె ఓటరు ఇచ్చింది. రెండో దాంట్లో ఓటరు ఇచ్చిందీ, ఎమ్మెల్యేలు చేసిందీ కలగలిసిపోయాయి. సభా బలాన్ని ఆధారంగా పెట్టుకుంటే ఫిరాయింపుకు మనం తెలియకుండానే ముద్ర వేసినట్టవుతుంది. పార్టీ మారిన వ్యక్తి మీద అనర్హత పిటిషను స్పీకరు దగ్గర అయిదేళ్ళు మగ్గిపోయినా, మన పట్టిక మాత్రం అతణ్ణి కొత్త పార్టీ ఖాతాలో జమ కట్టేస్తుంది.

2024లో ఇంకో రకం చిక్కు ఎదురైంది. తెలుగుదేశం 23 నుంచి 135కు వెళ్ళింది. అది 2019లో 175 చోట్లా పోటీ చేసింది, 2024లో 144 చోట్లే. మిగతావి జనసేన, బీజేపీలకు ఇచ్చింది. పోటీ చేసిన సీట్ల సంఖ్య పక్కన లేకపోతే 112 పెరుగుదలకు పూర్తి అర్థం రాదు. జనసేన 21కి 21 గెలవడం ఎంత పెద్ద విషయమో కూడా తెలియదు.

హద్దులే మారిపోతే ఇక పోల్చడానికి నిలకడైన నేలే ఉండదు. భిలాయ్ నగరపాలక సంస్థ నుంచి రిసాలిని విడదీసి వేరే కార్పొరేషన్ చేశారు. 2021 డిసెంబరులో భిలాయ్‌లో 70 వార్డులకు, రిసాలిలో 40 వార్డులకు ఎన్నికలు జరిగాయి. అంతకు ముందు మేయర్ని ప్రజలు నేరుగా ఎన్నుకునేవారు, ఆసారి కౌన్సిలర్లు ఎన్నుకున్నారు. పాత కార్పొరేషన్ వార్డుల సంఖ్య పక్కన కొత్త వార్డుల సంఖ్య పెట్టి లాభనష్టాలు రాయడం అర్థం లేని పని. వైశాలీ నగర్ 2008లో కొత్తగా పుట్టినప్పుడు దాన్ని ఎవరి ‘లాభం’ ఖాతాలో వేయాలన్న ప్రశ్నకూ సమాధానం లేదు. అంతకు ముందు ఆ సీటే లేదు కనుక.

బ్రిటన్‌లో 2024 సాధారణ ఎన్నికలకు ముందు నియోజకవర్గాల హద్దులు మార్చినప్పుడు ఈ సమస్యను ముందే ఆలోచించారు. కొలిన్ రాలింగ్స్, మైఖేల్ థ్రాషర్ అనే ఇద్దరు ఆచార్యులు 2019 ఓట్లను కొత్త హద్దుల్లో పోసి, అప్పుడు ఈ హద్దులే ఉండి ఉంటే ఎవరు గెలిచేవారో సీటు సీటుకూ అంచనా కట్టారు. పెద్ద ప్రసార సంస్థలన్నీ ఆ ఒక్క జాబితానే ఆధారంగా తీసుకున్నాయి. అది అంచనా మాత్రమేనన్న మాటను దాచలేదు కూడా. అక్కడ ఓట్లను పోలింగ్ కేంద్రాల వారీగా ప్రకటించరు, అందుకని వాళ్ళు స్థానిక ఎన్నికల ఓట్ల సాయంతో ఊహించాల్సి వచ్చింది. మన దగ్గర ఊహ అవసరం తక్కువ. ప్రతి నియోజకవర్గానికీ ఫారం-20 ఉంటుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో వరుసగా రాసి ఉంటుంది. కేంద్రాలను కొత్త హద్దుల ప్రకారం కూడుకుంటూ పోతే పాత ఎన్నిక కొత్త పటంలో దొరుకుతుంది.

ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ఛత్తీస్‌గఢ్ మళ్ళీ 2028లో ఎన్నికలకు వెళ్తుంది. 2026 తర్వాతి మొదటి జనగణన లెక్కలు వస్తే నియోజకవర్గాల పునర్విభజనకు దారి తెరుచుకుంటుంది. మహిళలకు మూడో వంతు సీట్ల రిజర్వేషను కూడా పునర్విభజనతోనే ముడిపడి ఉంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఆంధ్రలో 175 సీట్లు 225, తెలంగాణలో 119 సీట్లు 153 అవుతాయి. అలా 225 సీట్లకు జరిగే తొలి ఎన్నికలో ఏదో ఒక పార్టీకి 140 వస్తే, 2024లో తెలుగుదేశానికి వచ్చిన 135 కన్నా అది ఎక్కువా తక్కువా? పాత సభలో 135 అంటే 77 శాతం సీట్లు. కొత్త సభలో 140 అంటే 62 శాతం. అంకె పెరిగింది, బలం తగ్గింది. ఆ రోజు పట్టికలో ‘+5’ అని అచ్చు కాకూడదంటే, విశాఖ నుంచి భిలాయ్ దాకా పాత ఫారం-20 కాగితాలు కేంద్రం కేంద్రానికీ కంప్యూటర్‌లోకి ఎక్కాలి. చాలా రాష్ట్రాల్లో అవి ఇంకా స్కాన్ చేసిన బొమ్మలుగానే ఉన్నాయి. ఎన్నికల సంఘం వాటిని లెక్కకు వీలయ్యే రూపంలో విడుదల చేయాలి. విశ్వవిద్యాలయాల రాజనీతిశాస్త్ర విభాగాలు, పత్రికలు కలిసి కూర్చుని ఆ కూడికలు చేసి, అందరికీ ఒకే ఆధారాన్ని ఎన్నికల ప్రకటనకు ముందే బయటపెట్టాలి. ఫలితాలు వచ్చాక ఆధారం ఎంచుకుంటే, తనకు నచ్చిన ఏడాదిని ఎంచుకోని పార్టీ ఉండదు.